అసూర్యంపశ్యలు: భాగ్యనగరమున అంతఃపురస్త్రీల నిత్యజీవనము

పాణినీయమున "అసూర్యంపశ్య" యను పదమును సాధించు సూత్రమొకటి గలదు. దానికి వ్యాఖ్యాతలు రాజపత్నులనే యుదాహరణముగాఁ జూపిరి. ఇందలి నఞర్థము పైకి సూర్యశబ్దముతోఁ గలిసియున్నట్లు కానవచ్చినను దాని యన్వయము దర్శనక్రియతోనే. రాజపత్ను లెండ యెఱుఁగరని యీ పదమునకుఁ దాత్పర్యము కాదు. కన్నులకుఁ దప్పక గోచరించు సూర్యుని సైతము చూడనంతటి రక్షణమున నుందురని కాశికావృత్తి వివరించుచున్నది. అనఁగా నీ పదము కావలిని జెప్పును. కావలిలోపలి బ్రదుకును జెప్పదు. పిదపి చరిత్రకారులు పలువు రీ భేదమును మఱచి, గోడల యెత్తును జూచి లోపలివారి దినచర్య నూహించిరి. అందుచేత నంతఃపురమన్నంతనే యలంకారము, సోమరితనము, సవతిపోరు మాత్రమే పాఠకుల మనస్సున మెదలుచున్నవి. భాగ్యనగరచరిత్రము నించుక నిదానించి చూచినచో నీ యూహ నిలువదు.

అమరసింహుఁడు పురవర్గమున రాజుల స్త్రీగృహమునకు అంతఃపురము, అవరోధనము, శుద్ధాంతము, అవరోధము అని నాలుగు పేళ్లు చెప్పినాఁడు. వీనిలో రెండు రుధ్ ధాతువునుండి పుట్టి యడ్డగించుటను దెలుపుచున్నవి. సుల్తానుల కాలమున వాడుకకు వచ్చిన "హరము" అనునది నిషేధమును పావిత్ర్యమును దెలుపు అరబ్బీ ధాతువునకుఁ జెందినది. "జనానా" పారసీకమున స్త్రీవాచకమగు "జన్" శబ్దమునుండి వచ్చినది. భాషలు వేఱైనను గోడ యొక్కటియే.

ఆ గోడలోపలి యేర్పాటులకు అబుల్ ఫజలు రచించిన "ఆయినె అక్బరీ" మంచి సాక్ష్యము. అక్బరు పాదుషా యంతఃపురమున 5,000 మందికి మించిన స్త్రీలుండిరనియు, ఒక్కొక్కరికిఁ బ్రత్యేకనివాస మేర్పడియుండెననియు నతఁడు వ్రాసెను. వారిని విభాగములుగా నేర్పఱిచి స్త్రీలనే యధికారిణులుగా నియమించిరి. ఉన్నతస్థితిలోనివారికి నెలకు 1,028 మొదలు 1,610 రూపాయల వఱకును, పరిచారికలలోఁ గొందఱికి 20 మొదలు 51 వఱకును, తక్కినవారికి 2 మొదలు 40 వఱకును వేతనము. ఎవరికైన నేదైనఁ గావలసినచోఁ దమ వేతనమునకు లోఁబడి తహవీలుదారునకు విన్నవింపవలెను. ఆ చీటిని లేఖకుఁడు సరిచూచిన పిదపనే సొమ్ము చెల్లును. లోపల స్త్రీలు, ఆవరణము వెలుపల నపుంసకులు, ఆవల రాజపుత్రులు కావలి కాయుదురు. ఇన్ని పద్దులు, ఇందఱు పనివారు గలచోటు నొక చిన్న పట్టణమనుట యుక్తము.

మొగలుల పద్ధతి దక్కనునకు వచ్చి నిజాముల కోటలో నిలిచినది. 1762 మొదలు 1803 వఱకు రాజ్యమేలిన నిజాము అలీఖాను నంతఃపురమున బక్షీబేగము, తీనతున్నిసాబేగము ప్రధానులు. మహలు వ్యయముల పెత్తనము మొదటియామెది. వంశాభరణముల రక్షణము రెండవయామెది. సంధివిగ్రహములను గూర్చి యాలోచించు ఆంగ్లేయ రెసిడెంటులు సైతము వీరి యభిప్రాయమును లెక్కింపక తప్పదయ్యెను.

ఈ యంతఃపురమునకుఁ గాపుగా "జఫరు పల్టను" అను స్త్రీసైన్యముండెను. వేయేసి మంది గల రెండు పటాలములకు మామా బరుణ, మామా చంపా యను నంతఃపురపరిచారికలు నాయికలు. తుపాకులు ధరించి, సిపాయిల దుస్తులు తొడిగి, వీరు లోపలి వాకిళ్లఁ గాచుచు బేగముల ప్రయాణములందు వెంట నడచుచుండిరి. నెలజీతము 5 రూపాయలు. వీరిని జనులు "గార్దునీలు" అని పిలిచిరి. ఇది యాంగ్లమునందలి గార్డు శబ్దమునకు హిందూస్తానీలోని "నీ" యను స్త్రీప్రత్యయము చేరఁగా నేర్పడిన రూపము. కొత్త యుద్యోగమునకుఁ గొత్త శబ్దము కావలసివచ్చినదన్నమాట.

1795 మార్చిలో ఖర్దాయొద్ద మహారాష్ట్రులతో యుద్ధము జరిగినపుడు నిజామువెంట నంతఃపురము గూడ నుండెను, గార్దునీలును నుండిరి. పోరు భయంకరమైనంతట, తమ్ము ఖర్దాకోటలోనికిఁ జేర్పకున్నచోఁ దాను మేలిముసుఁగు తొలఁగించి బహిరంగముగా నిలుతునని బక్షీబేగము ప్రభువును బెదరించెనఁట. నిజాము కోటలోనికిఁ దగ్గెను. అచ్చట ముట్టడింపఁబడి, పరాభవకరమైన సంధి కొడంబడెను. ఈ వృత్తాంతము వలన నొక సంగతి తేటపడును. ధనాగారముపై నధికారమున్న స్త్రీకి సైతము ఆపత్కాలమున మిగిలిన యాయుధము ముసుఁగే. ఆమె నడ్డగించిన కట్టుబాటే యామె బలమయ్యెను. ఆ బలము కట్టుబాటును దాఁటి పోఁజాలదయ్యెను.

అంతఃపురపు సొత్తు గోడలోనే యాఁగిపోలేదు. మూసీనది కుత్తరమున, ఏడవ నిజాము పేర వెలసిన ఉస్మాన్‌గంజ్ వర్తకస్థానమునకుఁ జేరువనే బేగంబజారు గలదు. నిజాము అలీఖాను పత్నియగు హందాబేగము ఆ భూమిని వర్తకుల కొసఁగినందున దాని కా పేరు వచ్చెనని ప్రసిద్ధి. దాత యా బజారునఁ గాలిడి బేరమాడి యుండదు. అయినను నేఁటికిని అచ్చటి క్రయవిక్రయము లామె బిరుదు పేరనే సాగుచున్నవి.

ఆ చేరువనే కోఠీలో రెసిడెన్సీ భవనము గలదు. దానిని గట్టించిన జేమ్సు కర్క్‌పాట్రిక్కు, భాగ్యనగరపుఁ గులీనకుటుంబమునకుఁ జెందిన ఖైరున్నిసాను వివాహమాడి యామెకై రంగమహలను జనానాను నిర్మించెను. భవనము ముందుభాగమునకు రాఁజాలని భార్యకొఱకు దాని నమూనాను జనానా తోఁటలో గచ్చుతోఁ జేయించెనని చెప్పుదురు. తన భర్త కట్టించిన యింటి ముఖమును గృహిణి ప్రతిరూపమునందే చూడవలసివచ్చెను. "అసూర్యంపశ్య" యనుటకు దీనికంటె విశదమైన యుదాహరణము దొరకదు. 1805లో నతఁడు కలకత్తాలో మరణించెను. 1813లో నామెయు గతించెను. రంగమహలు 1860 ప్రాంతమునఁ గూల్పఁబడెను. నమూనా మిగిలినది.

బేగముల పేళ్లు బజారులకు దక్కినవి. పటాలపు నాయికల పేళ్లు రెండు మిగిలినవి. అయిదు రూపాయల జీతమునకు రాత్రులు వాకిలిఁ గాచిన రెండువేల మందిలోఁ దక్కినవారి పేళ్లు, నీళ్లు తోడినవారి పేళ్లు, బట్టలుదికినవారి పేళ్లు గ్రంథములకెక్కలేదు. అంతఃపురమును నడపినది వారి శ్రమయే కావున, వారిని విడిచి వ్రాసిన యంతఃపురచరిత్రము నాయికయొక్కతెయే గల నాటకము వంటిది. రెసిడెన్సీ భవనము 1949లో స్త్రీల కళాశాలకు నెలవైనది. నేఁ డది మహిళావిశ్వవిద్యాలయము. 2024 మొదలు చాకలి ఐలమ్మ పేరు వహించుచున్నది. ఖైరున్నిసా చూడఁజాలని యా ముంగిటి మెట్లమీఁదుగా విద్యార్థినులు రాకపోకలు సలుపుచున్నారు.