ఏలూరు కాలువయు, దానిపై వంతెనలును



హైదరాబాదునకు పోయిన మనవారు దుర్గము చెరువుమీది తీగల వంతెనను చూడక తిరిగి రారు. అది 2020 సెప్టెంబరులో తెరవబడినది. రెండు స్తంభముల నడుమ సుమారు 234 మీటర్ల మేర బాటకు క్రింద ఆధారమే లేదు. స్తంభముల పైనుండి ఏటవాలుగా దిగిన ఉక్కు త్రాళ్లే దానిని మోయుచున్నవి. ఒకవైపు బరువును రెండవవైపు బరువు సరిదూచును. కావడి మోసినవానికి ఈ సూత్రము క్రొత్త కాదు. ఈ కాలపు తీగల వంతెనలలో మొదటిదిగా స్వీడను దేశమున 1955లో కట్టిన స్ట్రామ్‌సుండ్ వంతెనను చెప్పుదురు.

దాని సొగసు నటుంచి, అది నీటి త్రోవను విడిచిపెట్టు తీరును చూడవలెను. మన ఏలూరు కాలువ చరిత్రములో వంతెనకును పడవకును గల తగవు అక్కడనే యున్నది.

ఆర్థర్ కాటను దొర పూనికతో ధవళేశ్వరము ఆనకట్ట 1852 నాటికి పూర్తియైనది. బెజవాడ ఆనకట్ట 1855లో ముగిసినది. విజ్జేశ్వరముకడ బయలుదేరిన గోదావరి నీరు తాడేపల్లిగూడెము మీదుగాను, బెజవాడకడ బయలుదేరిన కృష్ణ నీరు పడమటినుండియు ఏలూరు చేరును. రెండు మహానదులకు ఇట్లు పడవ దారి కుదిరినది. పైరుకు నీరెంత ముఖ్యమో సరకుకు దారియు నంత ముఖ్యమని కాటను దొర తలంపు. కాకినాడనుండి ఏలూరు, కొమ్మమూరు, బకింగుహాము కాలువలవెంట చెన్నపట్టణము దాక పడవలు నడచెను. గాలి లేనినాడు గట్టుమీద మనుష్యులు త్రాటితో లాగిరి. వంతెన యడ్డమైనచోట తెరచాప కొయ్యను దించుకొనిరి. లాకులకడ నీటిమట్టము సమమగువరకు కాచుకొనుటయు వారికి నిత్యకృత్యమే.

1893 ప్రాంతమున రైలు వచ్చెను. పిదప లారీలు వచ్చెను. పడవ సన్నగిల్లిన కొలదిని వంతెన కట్టువారికి పడవ జ్ఞప్తి పోయినది. బండి దాటిన చాలునని వంతెనను క్రిందికి దించిరి. నీటిలో కాళ్లు నిలిపిరి. ఆ కాళ్లకు గుర్రపుడెక్క చుట్టుకొనును, దాని వెనుక చెత్త నిలుచును, నీటి వడి తగ్గును. కొల్లేటి లంకలవారికి నేను చెప్పవలసినది లేదు. సరస్సు నీరు సముద్రమునకు పోవు దారి ఉప్పుటేరే. అది పూడినచో ఇళ్లలోనికి నీరు వచ్చునని వారెరుగుదురు.

2008లో ప్రభుత్వము ఈ కాలువలను నాలుగవ జాతీయ జలమార్గమున చేర్చినది. అందు ఏలూరు కాలువ పొడవు 139 కిలోమీటర్లు. మరల పడవలు నడపుదమని చూచినపుడు, తగ్గిన ఎత్తు గల వంతెనలు అడ్డము వచ్చినవి. నూరేండ్లకు పైగా పడవకు లొంగి కట్టిన కట్టుబడి, మధ్యకాలమున దానిని మరచుటవలన వచ్చిన ఫల మిది.

మన కాలువకు దుర్గము చెరువంత యాడంబరము అక్కరలేదని నా తలంపు. దాని వెడల్పునకు ఒడ్డునుండి ఒడ్డునకు ఒకే దూలము సరిపోవును, ఖర్చును తగ్గును. తీగల వంతెననుండి మనము తెచ్చుకొనవలసినది త్రాళ్లను కాదు, నీటిలో కాలు మోపని పద్ధతిని. మీ యూరి కాలువపై క్రొత్త వంతెన పటము వచ్చిననాడు నీటిలో ఎన్ని కాళ్లున్నవో, నీటిమట్టము పైని ఎంత ఎత్తు విడిచినారో ఇంజనీరుగారిని అడుగుడు. పటములో ఆ రెండును వ్రాసియే యుండును.