దక్కన్ ఎయిర్‌వేస్: నిజాం నాటి విమాన సంస్థ

హైదరాబాద్ సంస్థానం నెలకొల్పిన విమాన సంస్థ దక్కన్ ఎయిర్‌వేస్. 1945లో ఏర్పడి, 1946లో సర్వీసులు మొదలుపెట్టింది. 1953లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది.

దీని పునాది రైల్వేలోనే పడింది. 1930లో నిజాం ప్రభుత్వం బ్రిటిష్ కంపెనీ చేతిలోని రైల్వేను కొనేసింది. 1932లో ఆ రైల్వేయే 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. 1930ల చివరికి విమానాల వ్యవహారం కూడా దాని కిందికే వచ్చింది. చార్మినార్ చుట్టుపక్కల పాతబస్తీ దేవిడీలతో, బజార్లతో నిండిపోయి ఉండగా, విమానాలకు కావలసిన మైదానం మూసీకి ఉత్తరాన బేగంపేటలో దొరికింది. అక్కడి టెర్మినల్ 1937 నాటిది.

కంపెనీలో 71 శాతం వాటా నిజాం ప్రభుత్వానిది, 29 శాతం టాటాలది. సంస్థానం పెట్టుబడి పెట్టింది. 1932 నుంచి విమానాలు నడుపుతున్న టాటాల అనుభవం దానికి తోడైంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక మిగిలిపోయిన డకోటా విమానాలు అప్పట్లో చవకగా దొరికేవి. సంస్థ వాటినే నడిపింది. మద్రాసు నుంచి ఢిల్లీ దాకా ఒకే ఊపున ఎగరడం ఆ విమానాలకు కష్టం. అందుకే దారి మధ్యలో ఉన్న హైదరాబాద్, నాగపూర్‌లకు ప్రాధాన్యం పెరిగింది.

1948లో విలీనం విషయంలో సంస్థానానికీ భారత ప్రభుత్వానికీ మధ్య వివాదం ముదిరి, దక్కన్ ఎయిర్‌వేస్ సర్వీసులకు ఆటంకం కలిగింది. అదే ఏడు ఆస్ట్రేలియా పైలట్ సిడ్నీ కాటన్ కరాచీ నుంచి విమానాల్లో హైదరాబాద్‌కు ఆయుధాలు చేరవేశాడు. సెప్టెంబరులో సైనిక చర్య జరిగి సంస్థానం భారత్‌లో విలీనమైంది. విమాన సంస్థ మాత్రం కొనసాగింది.

భారతదేశపు తొలి మహిళా కమర్షియల్ పైలట్ ప్రేమ్ మాథుర్‌కు ఉద్యోగం ఇచ్చింది ఈ సంస్థే. అంతకుముందు ఎనిమిది కంపెనీలు ఆమెను కాదన్నాయి.

యుద్ధానంతరం దేశంలో అవసరానికి మించి విమాన కంపెనీలు పుట్టుకొచ్చాయి. ఇంధనం ఖర్చు పెరిగింది, ప్రయాణికులు చాలలేదు. చివరకు పార్లమెంటు 1953లో ఎయిర్ కార్పొరేషన్స్ చట్టం చేసింది. ఆగస్టు 1న దక్కన్‌తో సహా ఎనిమిది కంపెనీల దేశీయ సర్వీసులు ఇండియన్ ఎయిర్‌లైన్స్ పరమయ్యాయి. సంస్థానం పోయాక అయిదేళ్లు బతికిన సంస్థ అలా ముగిసింది. బేగంపేట మాత్రం 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం మొదలయ్యేదాకా నగరానికి ప్రధాన విమానాశ్రయంగా ఉంది.