పందికొక్కు: ఒక తెలుగు మాట దేశాటనము

ఇంగ్లీషు నిఘంటువులలో చోటు సంపాదించుకొన్న తెలుగు మాటలు బహు స్వల్పము. వానిలో నొకటి మన గాదెల క్రింద కలుగులు త్రవ్వు పందికొక్కు పేరని చెప్పిన, వినువారికి నవ్వు వచ్చును. కాని ఆ మాట చరిత్రము పూర్తిగా తెలిసిన పిమ్మట, విళాత్తికుళము ప్రాంతపు తెలుగువారమగు మనకు నవ్వుతోపాటు కొంత చింతయు కలుగక మానదు.

పంది, కొక్కు అను రెండు పదముల కూడిక ఈ మాట. కొక్కు అనగా పెద్ద యెలుక. వినాయకునికి కొక్కురౌతు అను పేరు కలదు. ఎలుకపై స్వారి చేయువాడని దాని యర్థము. ఇక పంది మాట ఏల వచ్చెను? ఈ జంతువు నేలను పెళ్లగించును. దాని వెండ్రుకలు బిరుసు. బెదరించినచో పందివలె గురగురలాడును. తమిళులు దీనిని పెరుచ్చాళి యందురు. అందలి ‘పెరు’ అను భాగము పెద్దదనుటను తెలుపును. తమిళపు పేరు దాని పరిమాణమును చూచినది. తెలుగు పేరు దాని స్వభావమును చూచినది.

అర్థము అంతటితో ఆగలేదు. పరుల సొమ్ము మెక్కువానిని తెలుగువారు పందికొక్కు అనియు, తమిళులు పెరుచ్చాళి అనియు నిందింతురు. గుమాస్తా పనిలో నున్న కాలమున మేము ఈ రెండు మాటలను రెండర్థములలోను వినుచుండెడివారము. కాగితపు కట్టలను కొరుకునది నాలుగు కాళ్లది. లెక్కలను కొరుకునది రెండు కాళ్లది.

ఈ మాట పరదేశీయుల నోట ఎట్లు పడినదో చూతము. ఇంగ్లీషు కంపెనీవారు 1611లో మచిలీపట్టణమున వర్తకస్థానము నెలకొల్పిరి. 1639లో చెన్నపట్టణమున స్థలము సంపాదించిరి. రెండు చోట్లను వారికి తెలుగువారితో నిత్యము పని. వారి నోట పకారము బకారమై, కడపటి ఉకారము రాలిపోయి, పందికొక్కు ‘బాండికూట్’ అయినది. యూల్, బర్నెల్ అను పండితులు 1886లో ప్రకటించిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు దీనిని తెలుగు మాటగానే గుర్తించినది. అంతకు ముందే, 1873లో, గ్రే అను జంతుశాస్త్రజ్ఞుడు ఈ ఎలుకల ప్రజాతికి ‘బాండికోటా’ అని శాస్త్రనామ మొసగెను.

కాని మాట అంతకు చాల ముందుగనే సముద్రములు దాటినది. 1798-99లో జార్జి బాస్ అను ఓడ వైద్యుడు తస్మానియా దీవిని చుట్టివచ్చుచు, అచ్చటి చిన్న జంతువు నొకదానిని తన దినచర్యలో ఈ పేరుతోనే వ్రాసికొనెను. 1799 అక్టోబరు 16వ తేదీన కయత్తారులో కట్టబొమ్మనను ఉరిదీసిన కాలమే అది. ఇచ్చట తెలుగింటి పాళెగానిని చంపిన ఇంగ్లీషువారే అచ్చట తెలుగు మాటను క్రొత్త జంతువుకు నామకరణము చేయుచుండిరి!

ఆస్ట్రేలియాలోని ఆ జంతువు నిజమునకు ఎలుక కాదు. కంగారూవలె పిల్లలను సంచిలో మోయును. ఆ సంచి నోరు వెనుక వైపునకు తెరచియుండును. అందుచే త్రవ్వునపుడు మట్టి లోపల పడదు. నేల త్రవ్వుట మన పందికొక్కుతో దానికి గల పోలిక. మొక్క చెదరకుండ క్రిందనున్న ఉర్లగడ్డలను మాత్రము దొంగిలించుటను ఆ దేశమువారు ‘బాండికూట్ చేయుట’ యందురు. మనవారి నిందార్థము అచ్చటను ఇట్లు మొలకెత్తినది.

ఆ జంతువులలో ఒక దానికి పాదములు పంది గిట్టలవలె నుండుటచే, ‘పందికాళ్ల బాండికూట్’ అను అర్థము వచ్చు ఇంగ్లీషు పేరు పెట్టిరి. తెలుగు తెలిసిన చెవికి అందు పంది రెండు మార్లు వినబడును. ఆ జంతువు 20వ శతాబ్దిలో అంతరించిపోయినది. అచ్చట ప్రాణి పోయి పేరు మిగిలినది.

మన సీమలో ప్రాణి మిగిలి పేరు పోవుచున్నది. నల్లరేగడి చేలలో పందికొక్కులకు లోటు లేదు. కాని మన పిల్లలు ఇంట తెలుగు మాటలాడుచునే దానిని పెరుచ్చాళి యనుచున్నారు. ఇందులకు తమిళమును తప్పు పట్టుట లేదు. అది మనకు అన్నము పెట్టిన భాష, బడి భాష. విజయనగర, మధుర నాయకుల కాలము నుండి రెండు భాషలను మోసినవారము మనము. ఒకటి ఎత్తుకొనుటకు రెండవది దింపనక్కరలేదు.

కోవిల్‌పట్టి చెంత ఇడైసేవల్‌లో పుట్టి, ఇంట తెలుగు పలికి, తమిళమున కథలు వ్రాసిన కి. రాజనారాయణన్ గారు 2021లో స్వర్గస్థులైరి. వారు కరిసల్ సీమ రైతుల తమిళ పలుకుబడులను ప్రోగుచేసి నిఘంటువు కూర్చిరి. అదే సీమలో అదే రైతులు పలుకు తెలుగునకు అట్టి పని జరుగవలసి యున్నది.

అందులకు పండితులే రానక్కరలేదు. ప్రతి యింట ఒక నోటు పుస్తకము చాలును. అవ్వను, తాతను అడిగి, పిట్టలకు, పురుగులకు, పైరులకు, పనిముట్లకు వారు చెప్పు పేర్లను పిల్లలచేత వ్రాయింపవలెను. తెలుగు లిపి రానిచో తమిళ లిపిలోనైనను వ్రాయవచ్చును. మొదటి పుటలో మొదటి మాటగా పందికొక్కు ఉండిన మాకు సంతోషము.