కుంగుబాటు మందులు: చీటీలోని లెక్క, వాడవలసిన కాలం

వైద్యుని చీటీలో మందు పేరు ప్రక్కన 1–0–0 అని ఉంటే ఉదయం ఒక మాత్ర, 0–0–1 అని ఉంటే రాత్రి ఒక మాత్ర. ఈ మూడంకెల లెక్క మన పావగడ తాలూకాలో చాలామందికి పరిచితమే. కుంగుబాటు, అనగా డిప్రెషన్ విషయంలో దీనికి మరొక అంకె చేర్చుకోవాలి: ఎన్ని నెలలు అన్నది. చిక్కంతా అక్కడే.

పెద్దలకు సాధారణంగా ఫ్లూఆక్సెటిన్ రోజుకు 20 మిల్లీగ్రాములు, ఉదయం వేళ ఇస్తారు. సెర్ట్రలిన్ 50తో, ఎస్సిటలోప్రామ్ 5తో గానీ 10తో గానీ ఆరంభిస్తారు. పాతదైన అమిట్రిప్టిలిన్ మగత కలిగిస్తుంది గనుక రాత్రిపూట 25తో మొదలుపెట్టి క్రమంగా పెంచుతారు. వృద్ధులకు మరింత తక్కువ. మోతాదు నిర్ణయం వైద్యునిదే. ఈ అంకెలు చీటీని అర్థం చేసుకొనడానికి మాత్రమే.

జ్వరం మాత్ర వలె ఇవి పూటలో గుణమివ్వవు. మొదటి వారంలోనే వికారం, తలనొప్పి కనిపించవచ్చు. గుణం తెలియడానికి రెండు నుండి నాలుగు వారాలు, పూర్తి ఫలితానికి ఆరు నుండి ఎనిమిది వారాలు పట్టవచ్చు. ఇబ్బంది ముందు, మేలు తరువాత. ఈ నడుమనే "మందు పడలేదు" అని మానివేస్తుంటారు. తొలి వారాలలో, ముఖ్యంగా 25 ఏండ్ల లోపువారిలో, ఆత్మహత్య ఆలోచనలు పెరుగవచ్చు గనుక ఇంటివారు కనిపెట్టి ఉండాలి. మాత్రలను, పొలానికి తెచ్చిన పురుగుమందును తాళం వేసి ఉంచాలి. అమిట్రిప్టిలిన్ ఎక్కువగా మింగితే గుండెకు ప్రాణాంతకం. నిద్ర లేకున్నా అలసట లేక, అతిగా మాట్లాడుతూ, విచ్చలవిడిగా ఖర్చు చేస్తూంటే వెంటనే వైద్యునికి తెలపాలి.

మనసు కుదుటపడిన నాటి నుండి కనీసం ఆరు నెలలు అదే మోతాదు కొనసాగించాలి. వ్యాధి పలుమార్లు తిరగబెట్టినవారికి రెండేళ్లు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి. ఇవి సారాయి వలె వ్యసనం కలిగించవు. అయినా హఠాత్తుగా ఆపితే తల తిరగడం, చిరాకు, నిద్రలేమి కలుగుతాయి. వైద్యుడు వారాల తరబడి తగ్గిస్తూ మాన్పిస్తాడు. ఒక పూట మరచితే రెండు మాత్రలు కలిపి మింగరాదు.

మూడు వైపులా ఆంధ్ర ఉన్న తాలూకా మనది. ఒక నెల హిందూపురంలో, మరొక నెల తుమకూరులో చూపించుకొంటే, రెండు చీటీలలో కంపెనీ పేర్లు వేరైనా లోపలి మందు ఒకటే కావచ్చు. రెండూ మింగితే మోతాదు రెట్టింపే! పాత చీటీని, ఖాళీ అయిన మాత్రల షీటును వెంట తీసుకొని వెళ్లాలి. కూలికి బెంగళూరు వెళ్లేవారు తిరిగివచ్చే వరకు సరిపడే మందు ముందే అడిగి తీసుకోవాలి. కీళ్లనొప్పుల మాత్రలు వాడుతుంటే అదీ చెప్పాలి. ఫ్లూఆక్సెటిన్ వంటి వాటితో కలిస్తే కడుపులో రక్తస్రావం కావచ్చు.

కర్ణాటకలో 2014లో ఆరంభమైన మనోచైతన్య కార్యక్రమం కింద మానసిక వైద్యులు మంగళవారాలలో తాలూకా ఆసుపత్రులకు వచ్చే ఏర్పాటు జరిగింది. ముందుగా విచారించి వెళ్లడం మేలు. 2022లో మొదలైన టెలి మానస్ 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తెలుగులోను, కన్నడంలోను మాట్లాడతారు.