పగ లేని హత్య

కార్తీక అమావాస్యకు కారెంపూడిలో మొదలయ్యే వీరారాధన ఉత్సవాల్లో రెండో రోజు పేరు రాయబారం. పల్నాటి యుద్ధానికి ముందు మాచర్ల పక్షాన గురజాలకు రాయబారం వెళ్లిన అలరాజును విషం పెట్టి చంపించిన ఘట్టాన్ని ఆ రోజు తలుచుకుంటారు. వీరవిద్యావంతులు కథ పాడుతుంటే కూర్చుని వినే వేలమందిలో ఒక్కరికి కూడా చంపించింది ఎవరన్న అనుమానం రాదు. విషం ఎవరు పెట్టించారో, ఎందుకు పెట్టించారో, దానికి బదులు ఎలా తీరిందో ఎనిమిది వందల ఏళ్లుగా పల్నాడు మొత్తానికీ తెలుసు.

పల్నాటిలో హత్య కథంటే ఇదే. దానికి ముందు ఒక పగ, తర్వాత ఒక ప్రతీకారం ఉంటాయి. చంపినవాడి పేరు, ఇంటిపేరు ఊరంతా ఎరిగినవే. మొన్నమొన్నటి దాకా మా పల్లెల్లో మూడొందల రెండు కింద హత్య కేసు పడిందంటే జీపు ఊళ్లోకి రాకముందే అరుగుల మీద పేర్లు వినబడేవి. పోలీసుల అవస్థ హంతకుణ్ని కనుక్కోవడంలో ఉండేది కాదు. అందరూ చూసినదాన్ని ఒక్కరి చేతనైనా కోర్టులో చెప్పించడంలో ఉండేది. ఇలాంటి నేల మీద డిటెక్టివ్ నవల దానంతటది మొలవదు. దాని ప్రాణమంతా ‘ఎవరు చంపారు?’ అన్న ఒక్క ప్రశ్నలో ఉంది. ఆ ప్రశ్న పుట్టాలంటే పక్కింటివాడు ఎవడో తెలియని ఊరు కావాలి.

అలాంటి ఊరు పారిస్. 1841లో అమెరికా రచయిత ఎడ్గార్ అలన్ పో తన తొలి డిటెక్టివ్ కథను ఆ నగరంలోనే నడిపాడు. ఒక మేడ గదిలో తల్లీకూతుళ్లు ఘోరంగా హత్యకు గురవుతారు. మెట్ల మీదికి పరుగెత్తుకొచ్చినవాళ్లకు లోపల నుంచి ఒక కీచుగొంతు వినపడింది. సాక్షుల్లో ఫ్రెంచివాడు అది స్పానిష్ అన్నాడు, ఇంగ్లీషువాడు జర్మన్ అన్నాడు, డచ్చివాడు ఫ్రెంచి అన్నాడు. ప్రతివాడూ తనకు రాని భాషే అనుకున్నాడు. చివరికి ఆ గొంతు మనిషిదే కాదనీ, అది తప్పించుకొచ్చిన ఒరాంగుటాన్ అనీ తేలుతుంది. మహానగరం ఎలాంటిదో ఇంతకంటే బాగా చూపిన సాక్ష్యాల జాబితా నేను చదవలేదు. ఒకే మెట్ల మీద నిలబడ్డవాళ్లు ఒకరి మాట ఒకరికి తెలియనివాళ్లు. హంతకుడికి అసలు పగంటూ లేదు. డిటెక్టివ్ కథ పుట్టుకలోనే కారణం లేని చావు ఉందన్నమాట.

మరుసటి ఏడాది, 1842లో, లండన్ పోలీసులు మొదటి డిటెక్టివ్ విభాగం పెట్టారు. 1887లో షెర్లాక్ హోమ్స్ అచ్చులోకి వచ్చాడు. ఆ తర్వాతి ఏడాదే లండన్ వైట్‌చాపెల్ పేదవాడలో అయిదుగురు స్త్రీలను ఒకే చేయి వరసగా చంపింది. ఆగస్టు 31న మొదలై నవంబరు 9 దాకా సాగిన ఆ హత్యల హంతకుణ్ని జాక్ ది రిప్పర్ అన్నారే తప్ప అతనెవరో ఈనాటికీ తేలలేదు. పోలీసులకు అలవాటైన మొదటి ప్రశ్న, ‘చచ్చిపోయిన మనిషితో ఎవరికి వైరం?’ అన్నది. ఆ అయిదుగురితో ఎవరికీ వైరం లేదు. దర్యాప్తు అక్కడే ఆగిపోయింది.

అయితే వైరం లేకుండా చంపేవాళ్ల కథ ఇంగ్లండుకు అంతకు యాభై ఏళ్ల ముందే మన వైపు నుంచి వెళ్లింది. కృష్ణ ఇవతలి ఒడ్డు పల్నాడు, అవతలి ఒడ్డు ఆ రోజుల్లో నిజాం రాజ్యం. ఆ నిజాం కొలువులో పనిచేసిన ఫిలిప్ మెడోస్ టేలర్ అనే అధికారి 1839లో ఒక థగ్గు తన నేరాలన్నీ తానే చెప్పుకున్నట్టు నవల రాశాడు. బాటసారులతో స్నేహం కలిపి, కలిసి తిని, కలిసి నడిచి, చివరికి రుమాలుతో గొంతు బిగించే ముఠాలవి. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన ప్రయాణికులు గనక కనబడకుండా పోయినా అడిగేవాళ్లు ఉండేవారు కాదు. థగ్గులను పట్టుకోవడానికి స్లీమన్ అనే అధికారి దొరికినవాళ్లలో కొందర్ని అప్రూవర్లుగా మార్చి, వాళ్ల చేత ముఠాల వంశవృక్షాలు చెప్పించి, శవాలు పాతిపెట్టిన చోట్లు చూపించుకున్నాడు. ఆ లెక్కల్లో తెల్లవాళ్ల అతిశయోక్తి ఎంత ఉందో చరిత్రకారులు ఇంకా వాదించుకుంటున్నారు. టేలర్ నవలను మాత్రం ఇంగ్లండు ఎగబడి చదివింది.

వరస హత్యల దర్యాప్తుకు ఒక పద్ధతి ఏర్పడింది జర్మనీలో. బెర్లిన్ పోలీసుల హత్యల విభాగాన్ని 1926లో తీర్చిదిద్దిన ఎర్న్‌స్ట్ గెన్నాట్ ఒక ప్రత్యేకమైన కారు తయారు చేయించాడు. సంఘటన స్థలం దగ్గరే వాంగ్మూలాలు టైపు చేసుకునేందుకు, జాడలు తీసుకునేందుకు కావలసిన సామాను అందులో ఉండేది. శవాన్ని ముట్టుకోవద్దు, చుట్టుపక్కల ఏదీ సర్దవద్దు అని కిందివాళ్లకు పదేపదే చెప్పవలసి వచ్చిందట. డ్యూసెల్‌డార్ఫ్ నగరాన్ని 1929లో వణికించిన పీటర్ క్యూర్టెన్ కేసులో ఆయనా పనిచేశాడు. క్యూర్టెన్‌కు 1931 జూలైలో మరణశిక్ష అమలైంది. అదే ఏడాది ఫ్రిట్జ్ లాంగ్ తీసిన ‘ఎం’ సినిమా వచ్చింది. పిల్లల్ని చంపే ఒక మనిషి కోసం పోలీసులు నగరాన్ని జల్లెడపడుతుంటే, ఆ సోదాలకు తమ వ్యాపారం దెబ్బతింటోందని దొంగల సంఘం కూడా వేట మొదలుపెడుతుంది. ఇవాళ మనం ఫోన్లలో చూస్తున్న చీకటి యూరప్ థ్రిల్లర్లన్నీ ఆ సినిమా సంతానమే.

ఇక మన దేశం వైపు. వేలిముద్రల తొలి కార్యాలయం 1897లో కలకత్తాలో తెరుచుకుంది. ముద్రలను వర్గాలుగా విడదీసే లెక్కను కుదిర్చినవాళ్లలో అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు భారతీయ ఉద్యోగులు ఉన్నా, పేరు మాత్రం పై అధికారి హెన్రీకి దక్కింది. ఆ తొలి రోజుల్లోనే జల్పాయ్‌గుడి దగ్గర ఒక టీ తోట మేనేజరు హత్యకు గురైతే, అక్కడ దొరికిన బెంగాలీ పంచాంగం మీద రక్తపు వేలిముద్ర కనిపించింది. దాన్ని పట్టుకుని నిందితుడి దాకా వెళ్లారు. కోర్టు దొంగతనానికి శిక్ష వేసింది గానీ, హత్యకు ఆ ఒక్క ముద్ర చాలదంది. అదే కాలంలో ప్రియనాథ్ ముఖోపాధ్యాయ్ అనే పోలీసు ఉద్యోగి తన కేసుల కథలను 1892 నుంచి బెంగాలీలో అచ్చువేస్తూ వచ్చాడు. తర్వాత పాంచ్‌కడీ దే నవలలు వచ్చాయి. బెంగాలీ నుంచి ఆ గాలి తెలుగుకు తగిలింది.

పల్నాటి వీరచరిత్రను అక్కిరాజు ఉమాకాంతం 1911లో అచ్చుకు తెచ్చారు. ఇంచుమించు ఆ కాలంలోనే దేవరాజు వెంకటకృష్ణారావు ‘వాడే వీడు’ లాంటి అపరాధ పరిశోధక నవలలు తెలుగులో తలెత్తాయి. పేర్లన్నీ తెలిసిన పాత హత్యా, పేరు తెలియని కొత్త హత్యా ఒకే తరం పాఠకుల చేతుల్లోకి చేరడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

ఆ కొత్త కథకు జనం పట్టం కట్టింది మాత్రం కొమ్మూరి సాంబశివరావు చేతుల్లో. 1926లో తెనాలిలో పుట్టి మద్రాసులో స్థిరపడ్డ ఆయన సృష్టి డిటెక్టివ్ యుగంధర్. పక్కన అసిస్టెంటు రాజు, ఎదురుగా ఇన్‌స్పెక్టర్ స్వరాజ్యరావు. ‘చావు కేక’, ‘లక్షాధికారి హత్య’, ‘నేను చావను’. పేర్లు చూస్తేనే చేయి పుస్తకం మీదికి పోయేది. యుగంధర్ ఉండేదీ మద్రాసులోనే. 1953 దాకా మన రాజధాని అదే గదా. తెలుగువాడికి అపరిచితుల మధ్య బతకడం అనుభవంలోకి వచ్చిన మొదటి మహానగరమూ అదే. టెంపోరావు డిటెక్టివ్ పరశురాంను నడిపాడు. ఆరుద్ర అంతటి కవి ‘పలకల వెండిగ్లాసు’, ‘ఆనకట్ట మీద హత్య’ రాశాడు. ‘అపరాధ పరిశోధన’ పేరుతో ఒక మాసపత్రికే నడిచింది. ఆ తర్వాత మధుబాబు షాడో వచ్చాడు, మల్లాది ‘చంటబ్బాయ్’ 1986లో జంధ్యాల చేతిలో సినిమా అయింది.

ఈ పుస్తకాలు పల్నాటికి చేరిన దారి అద్దె పుస్తకాల కొట్టు. నరసరావుపేటలాంటి ఊళ్లలో బడ్డీ అంత గదిలో కప్పుదాకా నవలలు పేర్చి ఉండేవి. పుస్తకం కొన్న రోజే అట్ట పీకి, దళసరి కాగితం వేసి, దబ్బనంతో కుట్టేసేవారు. రోజుకింతని అద్దె, ముందుగా కొంత డిపాజిట్టు, పొడుగాటి నోటుపుస్తకంలో పద్దు. కాలేజీ కుర్రాళ్లు, పొగాకు బేరన్ల కూలీలెక్క రాసే గుమాస్తాలు, వంటయ్యాక గంట దొరికిన ఇల్లాళ్లు అందరూ వాటికి ఖాతాదారులే. పది చేతులు మారిన పుస్తకానికి ఆఖరి పేజీలు ఊడేవి. డిటెక్టివ్ నవలకు అంతకంటే శిక్ష ఇంకొకటి లేదు. ఇంకా పాపాత్ములు కొందరుండేవారు, మొదటి పేజీలోనే పెన్సిలుతో హంతకుడి పేరు రాసిపెట్టేవాళ్లు! ఇంట్లో పెద్దలు తిట్టినా, మాస్టార్లు లాక్కున్నా ఆ పుస్తకాలు ఒక తరానికి గబగబా చదవడం నేర్పాయి. అంతకంటే పెద్ద సంగతి, నలుగురూ వేలెత్తి చూపినవాడు నేరస్థుడు కాకపోవచ్చని నేర్పాయి. ఊరు ఒక పేరు చెబితే అదే తీర్పయ్యే చోట ఇది చిన్న చదువు కాదు.

అపరిచితుడు కూడా ఆ రోజుల్లోనే మా వైపు వచ్చాడు. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశాక, మాచర్ల పక్కనే రాళ్లు మోసే కూలీలు, ఓవర్సీర్లు, ఇంజనీర్లు, కాంట్రాక్టర్లు ఎక్కడెక్కడి నుంచో వేలాదిగా దిగారు. 1967లో కుడి కాలువకు నీళ్లు వదిలారు. నీళ్లతోపాటు పోలీసు రికార్డులో మరో మాట కూడా పల్నాటికి అలవాటైంది, ‘గుర్తు తెలియని మృతదేహం’. ఎగువన ఎక్కడో పడి, లాకు దగ్గరో తూము దగ్గరో ఆగిన శవానికి ఊరు చెప్పగల పేరేదీ ఉండదు. పంచనామాకు కూర్చున్న పెద్దలు చొక్కా రంగు, చేతి మీది పచ్చబొట్టు, మొలతాడు, జేబులో టిక్కెట్టు ముక్క రాయిస్తారు. దర్యాప్తు ఆ నాలుగు వస్తువుల దగ్గరే మొదలవ్వాలి. యుగంధర్ చేసే పని అక్కడ మా ఎస్సైల మీద పడింది.

అయినా కారణం లేకుండా వరసగా చంపే మనిషిని ఒప్పుకోవడానికి తెలుగు మనసుకు చాలాకాలం పట్టింది. 1985లో వంశీ తీసిన ‘అన్వేషణ’లో అడవిలో హత్యలు జరుగుతుంటే అందరూ ముందు అనుకునేది పులి అని. పో కథలో మనిషనుకున్నది మృగమైతే, ఇక్కడ మృగమనుకున్నది మనిషి. నల్లమల అంచున బతికేవాళ్లకు ఆ అనుమానంలో ఎంత నిజముందో తెలుసు. పగ లేకుండా పొట్టన పెట్టుకునేది పులే గదా. 2019లో ‘రాక్షసుడు’, 2020లో ‘హిట్’, 2022లో విశాఖ నేపథ్యంగా దాని రెండో భాగం వచ్చాయి. దర్యాప్తు బృందం, క్లూస్ టీమ్, పోస్టుమార్టం నివేదిక అన్నీ ఇప్పుడు మన ప్రేక్షకుడికి కొట్టిన పిండి. కానీ చివరి అరగంటలో మనవాళ్లు హంతకుడికి ఒక గతం కట్టిపెట్టే తీరుతారు. చిన్నప్పటి అవమానమో, ఇంట్లో జరిగిన అన్యాయమో చూపిస్తారు. అలరాజు కథ విన్న చెవులు అది లేకుండా తృప్తిపడవు. సినిమాకు అది బలహీనతే అని నా అభిప్రాయం. స్వీడన్‌లో షోవాల్, వాలూ జంట 1965 నుంచి పదేళ్లలో కలిసి రాసిన పది మార్టిన్ బెక్ నవలల్లో పోలీసులు జలుబుతో బాధపడతారు, ఫైళ్ల కోసం ఎదురుచూస్తారు, నెలల తరబడి ఏమీ దొరకక కూర్చుంటారు. నేరం వెనకున్న సమాజం మనకు కనిపించేది ఆ ఎదురుచూపుల్లోనే.

అలాంటి కథకు సరుకు మనకు లేక కాదు. 2008లో మా పక్కనే ఒంగోలు దగ్గర జాతీయ రహదారి మీద అధికారుల వేషంలో లారీలు ఆపి, డ్రైవర్లనూ క్లీనర్లనూ చంపి పాతిపెట్టి, సరుకు అమ్మి, లారీలను ముక్కలు చేసి తుక్కు కింద తోలేసిన ముఠా పట్టుబడింది. చనిపోయినవాళ్లలో చాలామంది వేరే రాష్ట్రాలవాళ్లు. థగ్గుల కాలంలో లాగే దారిలో వాళ్లను ఎరిగినవాడు లేడు. ఇనుము లోడుతో బయల్దేరిన తన బండి జాడ లేదని ఒక లారీ యజమాని చేసిన ఫిర్యాదుతో తీగ కదిలింది. తుక్కు కొట్ల దాకా వెళ్లి, విడిభాగాలు గుర్తుపట్టించి, ఒక్కొక్క పేరూ రాబట్టి, గోతులు తవ్వించి, వేరే రాష్ట్రాల నుంచి బంధువుల్ని పిలిపించి ఎముకలు చూపించవలసి వచ్చిన కేసు అది. ఒంగోలు కోర్టు 12 మందికి ఉరిశిక్ష వేసింది 2021 మేలో. మధ్యలో నడిచిన ఆ పన్నెండేళ్ల మీద తెలుగులో ఒక మంచి నవల రావాలి. రాసేవాళ్లు కావలసినంతసేపు కూర్చోవలసింది ఒంగోలు కోర్టు రికార్డు గదిలో, తుక్కు కొట్లలో, దాబాల దగ్గర లారీ డ్రైవర్ల పక్కన.