సీలు విప్పిన పాస్టరు

ఐస్‌లాండ్ దక్షిణాన లాకి కొండకి వేసవిలోనే దారి తెరుస్తారు. వంతెనల్లేని వాగుల్లో దిగి పోవాలి మా బస్సు. కొండెక్కి చూస్తే సుమారు 25 కిలోమీటర్ల పొడవున బిలాల వరస, నూటికి పైగా. 1783 జూన్ 8న ఇక్కడ నేల చీలింది. 1784 ఫిబ్రవరి దాకా మండుతూనే ఉంది.

లావా కన్నా గాలే ఎక్కువ మందిని చంపింది. ఫ్లోరిన్ పట్టిన గడ్డి మేసి గొర్రెలు నూటికి ఎనభై దాకా పోయాయి. వెనకే కరువు. దేశంలో అయిదో వంతు జనం చనిపోయారు. పశువుల ఎముకలకు బొడిపెలు లేచాయని గైడు చెబుతుంటే నాకు నల్లగొండ గుర్తొచ్చింది. అక్కడ ఆ విషం బోరు నీళ్ళలోంచి వచ్చింది.

గైడు తీరిగ్గా చెప్పింది పాస్టరు యోన్ స్టేయిన్‌గ్రిమ్‌సన్ కథ. జూలై 20న లావా ఊరి మీదికొస్తుంటే చర్చిలో ప్రార్థన చేయించాడట, లావా ఆగిపోయిందట. నది నీళ్ళు చల్లార్చి ఉంటాయిలెండి. నన్ను పట్టుకున్నది ఆ తర్వాతి సంగతి. కరువు సాయం సొమ్ము సీలు వేసి ఆయన చేతికిచ్చి, అధికారికి అప్పజెప్పమన్నారు. దారిలో ఆయన సీలు విప్పి, గొడ్డూగోదా పోగొట్టుకున్న రైతులకు కొంత పంచేశాడు. దానికి జరిమానా వేశారు, అందరి ముందూ క్షమాపణ చెప్పించారు.

సర్కారు సొమ్ము ముట్టుకుని శిక్షపడ్డ భక్తుడంటే మనకి రామదాసే కదా. ఆయన గుడి కట్టించాడు, ఈయన గొర్రెలు కొనిపించాడు. ఈయన పేర ఊళ్ళో 1974లో ఒక చిన్న చర్చి వెలిసింది. జనం మాత్రం లావా ఆపిన పాస్టరు అనే చెప్పుకుంటారు.