పంపడం కోసం పుట్టిన కెమెరా

ఫోన్‌లోకి కెమెరా వచ్చింది ఫొటో బాగా రావాలని కాదు, తీసిన వెంటనే అయినవాళ్లకు చేరాలని. 1997 జూన్ 11న కాలిఫోర్నియాలోని శాంటా క్రూజ్‌లో ఫిలిప్ కాన్ భార్య కాన్పు కోసం ఆసుపత్రిలో ఉంది. బోర్లాండ్ సాఫ్ట్‌వేర్ సంస్థను పెట్టిన ఆయన దగ్గర అప్పుడు కాసియో డిజిటల్ కెమెరా, తోషిబా ల్యాప్‌టాప్, మోటరోలా మడత ఫోన్ ఉన్నాయి. నొప్పులు సాగుతున్న ఆ గంటల్లోనే కారులోని ఫోన్ కిట్ వైర్లు తెచ్చి, టంకం పెట్టి మూడింటినీ కలిపాడు. పాప పుట్టగానే తీసిన ఫొటో ఆసుపత్రి నుంచే దాదాపు 2,000 మందికి వెళ్లింది.

ఆ మూడూ ఒకే డబ్బాలో ఇమడాలంటే కెమెరా బాగా చిక్కిపోవాలి. అప్పటి డిజిటల్ కెమెరాల్లో వెలుతురును పట్టే సీసీడీ సెన్సార్ కరెంటు ఎక్కువ తీసుకునేది, చుట్టూ వేరే చిప్పులు కూడా కావలసి వచ్చేవి. నాసా జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీలో ఎరిక్ ఫోసమ్ బృందం 1990ల మొదట్లోనే దీనికి దారి కనిపెట్టింది. అంతరిక్ష నౌకలకు తేలికైన కెమెరా కావాలని సీమాస్ అనే మరో రకం సెన్సార్‌ను తీర్చిదిద్ది, దాన్ని నడిపే సర్క్యూట్లనూ అదే చిప్పు మీదికి తెచ్చింది. ఈరోజు మన ఫోన్లన్నిటిలో ఉన్నది ఆ సెన్సార్ సంతతే.

2000 నవంబరులో జపాన్‌లో షార్ప్ కెమెరా ఫోన్ వచ్చింది. అందులో 1.1 లక్షల పిక్సెళ్లు. అదే ఏడాది వచ్చిన కానన్ డిజిటల్ ఇక్సస్‌లో 20 లక్షల పైమాటే! అయినా ఆ మసక ఫొటోలను మెయిల్‌లో పంపుకోవడానికి జనం ఎగబడ్డారు. ఆ తర్వాత విడి కెమెరాల గిరాకీ పడిపోయింది: 2010లో డిజిటల్ కెమెరాలు 12 కోట్లు మార్కెట్లోకి వెళ్తే, 2020లో కోటి కూడా వెళ్లలేదు.

కాంపాక్ట్ (చిన్న) కెమెరాలు తయారుచేసేవాళ్లకు ఈ పోటీలో మిగిలింది ఫోన్‌కు చేతకాని పనులు. 2012లో సోనీ ఆర్‌ఎక్స్100 అనే జేబులో పట్టే కెమెరాలో 13.2 × 8.8 మిల్లీమీటర్ల సెన్సార్‌ను కూర్చారు. సెన్సార్ పెద్దదైతే పట్టే వెలుతురూ ఎక్కువ. ఫోన్లు తమ చిన్న సెన్సార్ లోటును వరసగా అనేక ఫొటోలు తీసి, లెక్కలు కట్టి, కలిపి పూడ్చుకున్నాయి, అదీ చిన్న విజయం కాదు. కానీ ముందుకూ వెనక్కీ కదిలే జూమ్ లెన్సుకు (ఆప్టికల్ జూమ్‌కు) కావలసినంత చోటు ఆ పలుచని ఒంట్లో ఎక్కడిది?

అందుకే నా మాట ఇది: పిల్లలు, పండుగలు, ప్రయాణాలు అయితే ఫోన్ చాలు, వేరే ఖర్చు వద్దు. వేదిక మీది నాట్యం, చెరువు అవతలి కొంగ కావాలంటే మాత్రం ఆప్టికల్ జూమ్ ఎంతో అడిగి కాంపాక్ట్ కొనండి. పిక్సెళ్ల అంకె చూసి కొనకండి.